పిలుపు వచ్చినవాడు చుట్టంగా వెళ్లాలి

మా డోన్ వైపు తండాల్లో ‘పిలుపు’ అనే మాట రెండు చోట్ల వినిపిస్తుంది. ఒకటి మేస్త్రీ పిలుపు. మిరపకోతల కాలం రాగానే మేస్త్రీ ఫోన్ చేస్తాడు, అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఇంటిల్లిపాదీ మూటలు కట్టుకుని గుంటూరు వైపు సుగ్గికి పోతారు. రెండోది చర్చిలో వినిపించే పిలుపు. దేవుని పనికి మీలో ఎవరు వెళ్తారని కూటాల్లో అడుగుతారు. అక్కడా కోత మాటే, కూలీల మాటే వస్తుంది. మన పిల్లలు కొందరు చేతులెత్తుతారు.

మొదటి పిలుపుకు ఎందుకు పోతామో తండాలో చంటిపిల్లకు కూడా తెలుసు. వాన రాలేదు, అప్పు ఉంది, అంతే. రెండో పిలుపుకు ఎందుకు వెళ్లాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి అన్న సంగతి మాత్రం మన పిల్లలతో కూర్చుని మాట్లాడేవాళ్లు తక్కువ. ఈ వ్యాసం అందుకోసమే.

మేము సుగాలీలం. తండాలో పుట్టి, ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా చదివి, ఇరవై ఏళ్లుగా ప్రభుత్వ బడుల్లో పలకలు దిద్దిస్తున్నవాళ్లం. మా తాత ఏటా సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెట్టేవాడు. గుత్తి దగ్గర సేవాగఢ్‌కు నడిచి వెళ్లి వచ్చిన మనిషి. మా అమ్మానాన్నలు మా చిన్నతనంలోనే చర్చికి వెళ్లడం మొదలుపెట్టారు. ఆ రెండు దీపాల వెలుతురులో పెరిగాం కాబట్టి ఈ మాటలు చెప్పే హక్కు కొంచెం ఉందనుకుంటున్నాం.

ఈ మధ్య మా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడు ఇంటర్ పూర్తిచేసి, మిషనరీ శిక్షణకు పోతానన్నాడు. నల్లమలలో చెంచు గూడేలకు వెళ్లి సేవ చేస్తాడట. ఇంట్లో పెద్ద గొడవ అయింది. తండ్రి భోగ్ పెట్టే మనిషి, మాట్లాడటం మానేశాడు. తల్లి మాత్రం మా ఇంటికి వచ్చి వాకిట్లో కూర్చుంది. “సారూ, అడివిలో ఎవరికో మంచి చెప్పడానికి పోతానంటాడు. సుగ్గికి నాతో ఎవరొస్తారు? వాడి చెల్లెలిని ఎవరు చూస్తారు?” అని అడిగింది. పిల్లవాడు పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు.

మేము వాడిని మూడు ప్రశ్నలు అడిగాం. నువ్వు పోయే గూడెం పేరేమిటి? అక్కడ నిన్ను రమ్మన్నది ఎవరు? అక్కడ ఏం తింటావు? మొదటి రెండింటికి వాడి దగ్గర జవాబు లేదు. మూడోదానికి ఉత్సాహంగా చెప్పాడు: “మేమే బియ్యం, దుప్పట్లు తీసుకుపోతాం సార్.” మాకు ఆ జవాబు దగ్గరే మనసు ఆగింది. లూకా సువార్త పదో అధ్యాయంలో యేసు తన శిష్యులను ఇద్దరిద్దరిగా ఊళ్లకు పంపుతాడు. సంచి, డబ్బు తీసుకుపోవద్దంటాడు. ఏ ఇంట్లో దిగితే ఆ ఇంటివాళ్లు పెట్టింది తినమంటాడు. అంటే ఆయన పంపింది దాతలను కాదు, చుట్టాలను. వెళ్లినవాడు ఆకలితో గడప ముందు నిలబడాలి. ఎదుటివాళ్లు దయ చూపితేనే వాడికి ముద్ద దొరకాలి.

మన ప్రాంతంలో ఈ పని ఎలా జరిగిందో పిల్లలకు తెలియాలి. ఎస్.పి.జి. అనే సంస్థ 1701లో లండన్‌లో పుట్టింది. దాని మిషనరీలు 1850ల నుంచి ఆళ్లగడ్డ వైపు ముత్యాలపాడులో పనిచేశారు. తర్వాత నంద్యాల వాళ్లకు పెద్ద కేంద్రమైంది. అక్కడి ఎస్.పి.జి. హైస్కూలు పేరు ఇప్పటికీ అందరి నోట్లో ఉంది. ఆ దొరలు గుర్రాల మీద, బండ్ల మీద తిరిగిన మాట నిజమే. కానీ ఊరూరా రోజూ నిలిచి పనిచేసినవాళ్లు వాళ్లు కారు. ఉపదేశులు. పగలు అరుగు మీద పిల్లలకు అక్షరాలు నేర్పేది, సాయంత్రం ప్రార్థన చేయించేది, జ్వరం వస్తే పక్కన కూర్చునేది ఆ తెలుగు ఉపదేశులే. వాళ్లలో చాలామంది మాల, మాదిగ ఇళ్లలో పుట్టినవాళ్లు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు ఊరికి పంతుళ్లయ్యారు. వాళ్ల పేర్లు చాలావరకు ఏ పుస్తకంలోనూ లేవు.

పేరు నిలిచిన ఒకాయన ఉన్నాడు. యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన్ను ఎవరూ జీతం ఇచ్చి పంపలేదు. తోళ్ల కోసం ఏ వాకిళ్లలో కూర్చున్నాడో ఆ వాకిళ్లలోనే తాను విన్న మాట చెప్పాడు. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర తర్వాత ఆ ఊళ్లకు పోతే, అప్పటికే అక్కడ ఆ మాట తెలిసినవాళ్లు ఎదురొచ్చారు. దారి వేసింది పేరయ్య. దొర నడిచింది ఆ దారిలోనే.

ఆ క్లౌ దొర చేసిన ఒక పని మన పిల్లలు బాగా గుర్తుపెట్టుకోవాలి. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద కరువు వచ్చింది. మన కర్నూలు జిల్లా ఘోరంగా దెబ్బతిన్నది. అప్పుడు ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. జనం అడిగారు, ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చేవాళ్లెవరో, నమ్మి వచ్చేవాళ్లెవరో తేలాలి కదా అని ఆయన ఆలోచన. కరువు పని ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జులై 3న, మన నల్లమలలో పుట్టి పారే గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో నిలబడి ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులే.

చాలామంది ఆ 2,222 అంకెను గొప్పగా చెప్పుకుంటారు. మాకు అంతకన్నా గొప్పగా కనిపించేది దానికి ముందు ఆయన తలుపు మూసి ఉంచిన నెలలు. ఆకలిగా ఉన్న మనిషి చేతిలో ఒకవైపు అన్నం, మరోవైపు నమ్మకం పెట్టకూడదని ఆ రోజుల్లోనే ఒక మిషనరీకి తెలిసింది. ఇప్పుడు దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని గూడేలకు పోదామనుకునే మన పిల్లలకు తెలియకపోతే ఎలా?

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మిషను పని మన జాతుల దగ్గరికి ఎప్పుడూ చుట్టంగానే రాలేదు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలుచేసింది. పుట్టుకతోనే మనిషిని దొంగ అని రాసుకున్న చట్టం అది. ఎరుకల సోదరులు దాని కింద ఎంత నలిగారో ఈ పుస్తకం చదివేవాళ్లలో చాలామందికి ఇంటి కథే. సుగాలీలలో కొందరినీ ఆ జాబితాలో చేర్చారు. అలాంటి కుటుంబాలను సెటిల్‌మెంట్లలో పెట్టి, వాటి నిర్వహణ కొన్నిచోట్ల మిషన్లకు అప్పగించారు. స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతిలో, కావలి అమెరికన్ బాప్టిస్టు మిషను చేతిలో నడిచాయి. అక్కడ హాజరు వేయించుకోవాలి. బయటికి పోవాలంటే చీటీ కావాలి. అక్కడే బడి కూడా పెట్టారు, చేతిపని నేర్పారు, చదువుకున్నవాళ్లు తయారయ్యారు. ఆ మేలు కాదనలేం. అయితే హాజరుపట్టీ పట్టుకున్న చేయే బైబిలు పట్టుకుంటే, వినేవాడికి ఏది దేవుని మాటో ఏది సర్కారు మాటో ఎలా తెలుస్తుంది? ఆ చట్టం 1952లో రద్దయింది. దాని గాయం మన ఇళ్లలో ఇంకా పచ్చిగానే ఉంది.

ఆ కాలంలోనే వేరే దారి చూపిన మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళనాట తిరునల్వేలి జిల్లాలో పుట్టాడు. 1903లో అక్కడి క్రైస్తవులు, తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో నడిచే మిషనరీ సంఘం పెట్టుకున్నారు. అది ఎంచుకున్న చోటు మన తెలుగునాట డోర్నకల్. అజరయ్య 1909లో తానే అక్కడికి వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. తర్వాతి కాలంలో ఆయన డయోసిస్ మన నంద్యాల వైపు కూడా విస్తరించింది. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల పెద్ద సభ జరిగితే ఆయన వెళ్లి తెల్ల మిషనరీల ఎదుటే ఒక కష్టమైన మాట చెప్పాడు. మీరు చేసిన త్యాగాలకు కృతజ్ఞులమే, కానీ మాకు కావలసింది స్నేహితులు అన్నది ఆ మాట సారాంశం. ఒకే బల్ల దగ్గర కూర్చోనివాడు ఎంత ఇచ్చినా దొరే అవుతాడు, స్నేహితుడు కాడని మేము దాన్ని అర్థం చేసుకున్నాం.

ఆ మాట నూరేళ్లకు పైగా పాతది. ఇప్పుడు మన ముందున్న ప్రశ్న వేరు. ఒకప్పుడు మన దగ్గరికి ఎవరో వచ్చేవారు. ఇప్పుడు మన పిల్లలే వెళ్లేవాళ్లవుతున్నారు. తండా పిల్లవాడు గూడెం పిల్లవాడి దగ్గరికి పోతే, అతను కూడా దొరలాగే పోతాడా?

ఒకసారి ఒక కూటంలో బయటి నుంచి వచ్చిన బోధకుడు తండాలను, గూడేలను కలిపి ‘చీకటి’ అన్నాడు. ముందు వరసలో తండా పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముఖాలు మేము చూశాం. ఆ చీకట్లోనే మా అవ్వ తన గిన్నెలో ఉన్న జొన్న సంగటి సగం పక్కింటి బాలింతకు పెట్టేది. ఆ చీకట్లోనే నాయక్ పంచాయితీ చేసి, తప్పు ఒప్పుకున్నవాడిని మళ్లీ పంక్తిలో కూర్చోబెట్టేవాడు. మనవాళ్లలో తాగుడు లేదని, ఆడపిల్లలకు చిన్నవయసు పెళ్లిళ్లు లేవని మేము అనడం లేదు. ఉన్నాయి, వాటితో రోజూ కొట్లాడుతున్నాం. అయినా తన తల్లిని చీకటి అనుకుని బయలుదేరిన పిల్లవాడు ఇంకొకరి తల్లికి వెలుగు ఇవ్వలేడు.

చెంచుల సంగతే తీసుకోండి. ఆళ్లగడ్డ దాటి అహోబిలం పోతే, అక్కడి నరసింహస్వామి చెంచులకు అల్లుడు. చెంచులక్ష్మిని పెళ్లాడాడని వాళ్ల నమ్మకం. కనుమ నుంచి పార్వేట ఉత్సవంలో ఆ స్వామి పల్లకి ఎక్కి చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. శ్రీశైలం మల్లన్న కూడా వాళ్లకు చెంచు మల్లన్నే. దేవుడినే ఇంటల్లుడిని చేసుకున్న మనుషులు వాళ్లు. అలాంటి గడపలోకి వెళ్లి, మీకు దేవుడంటే ఏమిటో తెలియదు, మేము చెబుతాం అని మొదలుపెడితే ఎంత తప్పు! ముందు వాళ్ల అల్లుడి కథ వినాలి. తేనె ఎలా తీస్తారో, ఏ కాలంలో ఏ గడ్డ తవ్వుతారో, పులుల అభయారణ్యం నిబంధనల మధ్య ఎలా బతుకుతున్నారో వినాలి. అడిగితే మన కథ చెప్పాలి. మన యేసు కథ కూడా అడిగితే దాచనక్కర్లేదు. చుట్టాలు ఒకరి ఇంటి సంగతులు ఒకరికి చెప్పుకోరా?

ఆ పిల్లవాడికి మేము ఒకటే చెప్పాం. శిక్షణకు పోయేముందు ఒక్కసారి ఏమీ తీసుకోకుండా వెళ్లి రా అన్నాం. వాడితో ఇంటర్ చదివిన చెంచు స్నేహితుడు ఆత్మకూరు అడవి వైపు గూడెంలో ఉన్నాడు. వాడు రమ్మంటే ఇతను వెళ్లాడు. డోన్‌లో రైలెక్కి బేతంచర్ల, పాణ్యం మీదుగా నంద్యాల, అక్కడి నుంచి బస్సు. ఎర్రమల అంచున పుట్టిన పిల్లవాడు కుందూ దాటి నల్లమల చేరాడు. మూడు రోజులున్నాడు. వాళ్లు పెట్టింది తిన్నాడు, వాళ్ల పక్కనే పడుకున్నాడు. తిరిగొచ్చి మా దగ్గర కూర్చుని, “సార్, వాళ్లు నన్ను దేవుని గురించి అడగలేదు. పదో తరగతి ఆపేసిన ఒక అమ్మాయిని మళ్లీ బడిలో చేర్పించడం ఎట్లా అని అడిగారు. ఒక తాత తన పింఛను ఎందుకు ఆగిందో చూడమన్నాడు” అన్నాడు. మరి నువ్వేం చేశావురా అంటే, కాగితాలు ఫోటో తీసుకొచ్చానన్నాడు. సచివాలయంలో ఎవరిని కలవాలో మేము చెప్పాం.

తర్వాత ఏమైందని మీరు అడుగుతారు. వాడు ఇంకా శిక్షణకు పోలేదు, పోనని కూడా అనలేదు. తండ్రి ఇంకా పూర్తిగా మాట్లాడటం లేదు. ఈసారి సుగ్గికి తల్లి వెంట వాడే పోయాడు. అమ్మాయి పేరు మాత్రం మళ్లీ బడి రిజిస్టరులోకి ఎక్కింది. అది మిషనరీ పనా, కాదా అని చర్చి పెద్దలు తేల్చుకోవచ్చు. మా దృష్టిలో పిలుపుకు వాడు ఇచ్చిన మొదటి జవాబు అదే.

ఇక తోటి ఉపాధ్యాయులకు కొన్ని మాటలు. పాతకాలపు ఉపదేశి బడిపంతులూ ఆయనే, బోధకుడూ ఆయనే. మనం ఆయన వారసులమే అయినా మన స్థానం వేరు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడిలో మతబోధ చేయకూడదు. 25వ అధికరణం ప్రతి మనిషికీ తన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. కానీ 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కు అంటే ఎదుటివాడిని మతం మార్చే హక్కు కాదని చెప్పింది. ఈ రెండు అధికరణాలూ ఒక క్రైస్తవ ఉపాధ్యాయుడికి సంకెళ్లని కొందరు అంటారు. మాకు అలా అనిపించదు. మా తరగతిలో భోగ్ పెట్టే ఇంటి పిల్ల, మసీదుకు పోయే ఇంటి పిల్లవాడు, చర్చికి పోయే పిల్ల పక్కపక్కన కూర్చుంటారు. వాళ్ల తల్లులు మమ్మల్ని నమ్మి పంపారు. ఆ నమ్మకాన్ని వాడుకుని ఒక్క మాట ఎక్కువ చెప్పినా అది మనం యేసు పేరున చేసిన దొంగతనమే. బడిగంట కొట్టింది మొదలు ఇంటిగంట కొట్టేదాకా మన సాక్ష్యం మన పాఠమే. వేళకు వచ్చామా, వెనకబడ్డ పిల్ల దగ్గర కూర్చున్నామా, గోర్‌బోలి తప్ప ఏమీ రాని ఒకటో తరగతి పిల్లవాడికి వాడి మాటలోనే ‘నీళ్లు’ అడగనిచ్చామా, అవే చాలు.

మన పిల్లలకు ఇంకో భయం కూడా ఉంది. చర్చికి పోతే గిరిజన ధ్రువపత్రం పోతుందని ఎవరో చెబుతారు. దళిత సోదరుల విషయంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మతాన్ని చూస్తుంది. గిరిజనుల జాబితాకు అలాంటి మతం షరతు లేదు. భోగ్ పెట్టినా, చర్చికి పోయినా మనం గోర్‌లమే. అందుకే ఆ భయం పెట్టి ఎవరినీ ఆపకూడదు. అలాగే తీజ్‌కు మొలకలు పోసిన అక్కను, భోగ్ పెట్టిన నాన్నను వదిలేస్తేనే క్రైస్తవుడివని ఎవరైనా అంటే ఆ మాటా వినకూడదు. తండ్రి చేసే పూజ నువ్వు చేయకపోవచ్చు. తండ్రి పక్కన కూర్చుని అన్నం తినడం మానకూడదు.

పెద్దలారా, పాస్టరుగార్లారా, మీకూ ఒక మనవి. అడవికి మనుషుల్ని పంపేముందు సుగ్గి కాలంలో మన తండాలను ఒకసారి చూడండి. తాళం వేసిన ఇళ్ల ముందు ముసలివాళ్లు మిగిలి ఉంటారు. అవ్వ దగ్గర వదిలిన పిల్లలు బడికి వస్తారో రారో తెలియదు. సీజనల్ హాస్టల్ ఉన్నచోట కొంత నయం, లేనిచోట ఆ నెలల చదువు గాలికే. ఆ పిల్లలకు సాయంత్రం రెండు గంటలు చదువు చెప్పే యువకులు, ఏ మతం ఇంటి పిల్ల అని అడగకుండా రాత్రి అన్నం పెట్టే ఒక ఇల్లు కావాలి. దేవుని పనికి చేతులెత్తినవాళ్లకు మొదటి పొలం అదే. అక్కడ నిలిచినవాడిని తర్వాత ఎంత దూరమైనా పంపండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీలో ఎవరికైనా నిజంగా పిలుపు వస్తే మేము ఆపం. పొండి. కానీ ఇంట్లో చెప్పి పొండి. తల్లి అప్పు ఎంత ఉందో తెలుసుకుని పొండి. వెళ్లే చోట మిమ్మల్ని రమ్మన్న మనిషి ఒకరైనా ఉండాలి. వాళ్ల మాట నేర్చుకోండి, వాళ్లు పెట్టింది తినండి, వాళ్ల దేవుడిని తిట్టకండి. మందు, బియ్యం, బడి ఇవ్వగలిగితే ఊరికే ఇవ్వండి, బదులుగా ఒక్క ప్రార్థన కూడా అడగకండి. ఎవరైనా మీ నమ్మకం గురించి అడిగితే సిగ్గుపడకుండా చెప్పండి. వద్దంటే నవ్వి ఊరుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఆ గూడెం ముసలమ్మ మళ్లీ ఎప్పుడొస్తావు నాయనా అని అడిగిందా, లేదా? మేము మిమ్మల్ని అడగబోయే లెక్క అదొక్కటే.